నాన్న సీఏ 19-9 అంకె వెంట పదిహేడు నెలలు

2024 ఏప్రిల్ 29, సోమవారం. నాన్నకు కడుపు క్యాన్సర్ అని తేలి ఐదు రోజులు. రాత్రి తొమ్మిదింపావుకు ల్యాబు నుంచి నా ఫోనుకు మార్కర్ పరీక్షల రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ ఉన్న కొందరిలో రక్తంలో పెరిగే పదార్థాలను కొలిచే పరీక్షలివి. నాన్న పడుకున్నారు. అమ్మ వంటింట్లో పాలు తోడుపెడుతోంది. నేను బాల్కనీలోకి వెళ్లి తెరిచి చూశాను. సీఈఏ 3.4. ఐదు లోపు ఉండాలి, ఉంది. దాని కింద సీఏ 19-9 అని ఇంకో వరుస: 486. ముప్పైఏడు లోపు ఉండాలట. ఆ అంకె ఒక్కటే ఎర్రగా, లావుపాటి అక్షరాల్లో ఉంది.

డాక్టరుగారిని కలవాల్సింది గురువారం. అప్పటిదాకా మూడు రాత్రులు ఆ 486ను కడుపులో పెట్టుకుని తిరిగాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఫోనులో ఎక్కడ వెతికినా ‘ఇది ఎక్కువగా ఉంటే ఆయుర్దాయం తక్కువ’ అనే మాటే కనిపించింది. ఈ రాత్రి ఎవరో ఒకరు ఇలాంటి రిపోర్టే పట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను. నేను డాక్టరును కాను. మా నాన్నకు జరిగింది జరిగినట్టు చెబుతాను.

నాన్నకు అప్పటికి 62 ఏళ్లు. తెనాలిలో ఒక రైసు మిల్లులో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు రాశారు. ఆ సంక్రాంతికి మేం ఊరు వెళ్లినప్పుడు అరిసె సగం తిని పక్కన పెట్టేశారు. “నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది తల్లీ” అన్నారు. గ్యాసు అనుకున్నాం. మందుల షాపులో ఇచ్చిన మాత్రలు వాడారు.

ఫిబ్రవరిలో తమ్ముడు బెంగళూరు నుంచే ఒక ల్యాబు వాళ్ల హెల్త్ ప్యాకేజీ బుక్ చేశాడు. 2,999 రూపాయలు, ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లారు. అందులో ‘క్యాన్సర్ మార్కర్’ అని ఒక పేజీ. సీఈఏ 2.9, సాధారణం. ఆ పేజీ చూసి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. నాన్న 68 కిలోల నుంచి 61కి తగ్గుతున్నా, క్యాన్సర్ అయితే కాదు కదా అని ధైర్యంగా ఉన్నాం. ఆ ఒక్క కాగితం వల్ల మాకు రెండు నెలలు పోయాయి. కడుపు క్యాన్సర్ ఉన్నవాళ్లలో చాలామందికి సీఈఏ మామూలుగానే ఉంటుందని, జబ్బు ఉందో లేదో తేల్చడానికి ఈ రక్తపరీక్ష పనికిరాదని తర్వాత తెలిసింది. ఈ మాట ఆ పేజీలో ఎక్కడా లేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

మార్చి చివర మలం తారులాగా నల్లగా వస్తోందని అమ్మ గమనించింది. ఏప్రిల్ 18న గుంటూరులో ఎండోస్కోపీ చేయించాం. 2,800 రూపాయలు, బయాప్సీకి మరో 1,500. పది నిమిషాల పని. బయటికి వచ్చిన డాక్టరుగారు “ఆరు ముక్కలు తీశాను” అన్నారు గానీ మా ముఖాల వైపు చూడలేదు. ఆరు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. అడినోకార్సినోమా, అంటే క్యాన్సరే. కడుపు కింది భాగంలో, పేగులోకి దారి ఉండే చోట. అదే వారంలో నాన్ననూ అమ్మనూ హైదరాబాదులో మియాపూర్‌లోని మా ఇంటికి తీసుకొచ్చాను. 29న ఆసుపత్రిలో రక్తం ఇచ్చాం, 30న సీటీ స్కాన్. ఈ మార్కర్ పరీక్షలకు పరగడుపున ఉండనక్కరలేదు. ఆ సంగతి తెలియక నాన్నను ఉదయం పదకొండింటి దాకా ఏమీ తిననివ్వకుండా కూర్చోబెట్టాను. అసలే తిండి లేక నీరసించిన మనిషి.

గురువారం వచ్చింది. ఫైలు నాన్న ఒళ్లో ఉంది. మా వంతు వచ్చేసరికి గంటన్నర పట్టింది. లోపల ముందు స్కాన్ గురించి చెప్పారు. కడుపు గోడ మందం పెరిగింది, పక్కన కొన్ని లింఫు గ్రంథులు ఉబ్బాయి, కాలేయంలో ఏమీ కనిపించలేదు. నాన్నను బరువు చూడటానికి నర్సు తీసుకెళ్లగానే నేను అడిగేశాను. “486 అంటే ఎంతకాలమండీ?”

ఆయన కంప్యూటర్ వైపు నుంచి నా వైపు తిరిగారు. “ఈ అంకె ఒక్కదాన్ని పట్టుకుని ఎన్నాళ్లో నేను చెప్పలేనమ్మా. చెబితే అబద్ధమవుతుంది” అన్నారు. ఎక్కువగా ఉన్నవాళ్లను, తక్కువగా ఉన్నవాళ్లను గుంపులుగా చూస్తే, ఎక్కువగా ఉన్న గుంపులో జబ్బు ముదిరినవాళ్లు ఎక్కువమంది ఉంటారట. అంతవరకు నిజమేనట. కానీ ఆయన దీనికంటే ముందు చూసేవి నాలుగున్నాయి. గడ్డ గోడలో ఎంత లోతుకు దిగింది, ఎన్ని లింఫు గ్రంథుల్లో ఉంది, పొట్ట లోపలి పొర మీదికి పాకిందా, ఆపరేషన్లో కోసిన అంచులు శుభ్రంగా ఉన్నాయా. “అంకె ఇంత ఉంది కాబట్టి స్కాన్‌కు కనిపించనిదేమైనా ఉందేమో లోపలికి కెమెరా పెట్టి చూస్తాను. నాకు ఇప్పుడు దీని ఉపయోగం అంతే” అన్నారు.

బయటికి వచ్చాక మెట్ల దగ్గర నాన్న ఆగారు. “ఆ 486 గురించే కదా అడిగావు?” అన్నారు. నాకు నోట మాట రాలేదు. “ఫైలు నా ఒళ్లోనే ఉంది కదమ్మా. ముప్పై ఏళ్లు లెక్కలు రాసినవాణ్ణి. ఎర్ర సిరా అంటే తెలియదా నాకు” అన్నారు. మూడు రాత్రులు నేను దాచింది ఆయన గంటన్నరలో చదివేసి, నా కోసం మౌనంగా ఉన్నారు. ఆ సాయంత్రం చిన్న పద్దు పుస్తకం ఒకటి కొనుక్కున్నారు. మొదటి పేజీ పైన శ్రీ రాసి, కింద నిలువుగా గీతలు గీశారు: తేదీ, సీఈఏ, సీఏ 19-9, బరువు, ఖర్చు.

మే 8న లాప్రోస్కోపీ, అంటే ఆయన చెప్పిన కెమెరా పరీక్ష, చేసి, లోపల కడిగిన నీటిని పరీక్షకు పంపారు. కీమో కోసం ఛాతీ దగ్గర చర్మం కింద పోర్టు కూడా అప్పుడే అమర్చారు. రెండూ కలిపి 71,000. నీటి పరీక్ష రిపోర్టుకు నాలుగు రోజులన్నారు. ఈలోపు మే 13న పోలింగు. నాన్న పట్టుబట్టారు. పొట్ట మీద మూడు చిన్న కట్లతో, హైదరాబాదు సగం ఖాళీ అయి ఊళ్లకు పోతున్న ఆ రద్దీలో తెనాలి వెళ్లి ఓటేసి వచ్చారు. తమ్ముడు తోడు వెళ్లాడు. వేలి మీద సిరా చుక్కతోనే ఆయన ఆసుపత్రికి వచ్చిన రోజు డాక్టరుగారు చెప్పారు, కడిగిన నీటిలో క్యాన్సర్ కణాలు లేవని. ఆ రోజు నేను మొదటిసారి అన్నం అన్నంలా తిన్నాను.

మే 16న మొదటి కీమో. నాలుగు మందుల కలయిక, ఫ్లాట్ అంటారు. రెండు వారాలకొకసారి, ఆపరేషన్‌కు ముందు నాలుగు, తర్వాత నాలుగు. ఒక్కోటి 28 నుంచి 32 వేల దాకా అయింది, తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే సూది కాకుండా. చివరి మందు పంపు ద్వారా ఇరవైనాలుగు గంటలు ఎక్కుతుంది. అది మాకు తెలియదు. సాయంత్రానికి ఇంటికి పోతామనుకుని అమ్మ పులుసు తాలింపు కూడా వేసి వచ్చింది. ఇంకొకటి, చల్లటి వస్తువు ముట్టుకుంటే వేళ్లకు కరెంటు కొట్టినట్టు ఉంటుంది. మే నెల ఎండల్లో నాన్న గోరువెచ్చని మజ్జిగ తాగారు. స్టీలు గ్లాసు చుట్టూ అమ్మ చేతి గుడ్డ చుట్టి ఇచ్చేది.

జూన్ 12న, మూడో కీమోకు ముందు రోజు, మళ్లీ మార్కర్ పరీక్ష. 531.

ఆ రాత్రి నేను పడిన వేదన చెప్పలేను. ఆయనను ఇంత హింస పెట్టి, జుట్టు ఊడగొట్టి, నోరు పుళ్లు చేసి, అంకె పెరిగిందా? నాన్న పుస్తకంలో 531 రాసి, కింద ఒకసారి గీత గీసి పెన్ను మూత పెట్టేశారు. మర్నాడు డాక్టరుగారు పెద్దగా కంగారుపడలేదు. కీమో మొదలైన కొత్తలో కణాలు చనిపోతూ లోపలున్నది రక్తంలోకి వదలడం వల్ల కొందరిలో అంకె కొన్ని వారాలు పెరిగి తర్వాత పడుతుందట. అలాగే జరుగుతుందన్న హామీ మాత్రం ఇవ్వలేదు. “నాలుగూ అయ్యాక స్కాన్‌తో కలిపి చూద్దాం. మధ్యలో చూడకండి” అన్నారు. అది నేను వినాల్సిన మాట. 900 రూపాయలకు ఇంటి దగ్గరి ల్యాబులో వారం వారం చేయించాలన్న ఆలోచన అప్పటికే నా తలలో తిరుగుతోంది.

కీమో వార్డులో మా పక్క మంచం మీద కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేవారు. ఆమె కొడుకు, నేను సెలైను చుక్కలు చూస్తూ అంకెలు చెప్పుకునేవాళ్లం. “మీకెంత?” అన్నది అక్కడ పలకరింపు. వాళ్లమ్మకు సీఏ 19-9 ఎప్పుడూ 2 దాటలేదని అతను కొంత ధైర్యంగా చెప్పేవాడు. నాకు అసూయ కలిగేది. తర్వాత ఒకరోజు అతనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. స్కాన్‌లో కాలేయంలోకి వెళ్లినట్టు తేలింది, అంకె మాత్రం అదే 2. నూటికి ఐదు నుంచి పదిమంది శరీరంలో ఈ పదార్థం అసలు తయారే కాదట, లూయిస్ అనే రక్తవర్గం తేడా వల్ల. అలాంటివాళ్లలో జబ్బు ఎంత పెరిగినా ఈ పరీక్ష మౌనంగా ఉంటుంది. “మరి రెండు నెలలుగా ఇది ఎందుకు చేయించారక్కా?” అని అతను అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మొదటి రోజే డాక్టరును అడగాలని ఇప్పుడు అందరికీ చెబుతాను: మా మనిషిలో ఏ మార్కర్ పెరిగింది, ఇక మీదట దేన్ని చూడాలి, దేన్ని వదిలేయాలి? నాన్న విషయంలో సీఈఏ మొదటి నుంచీ కదలలేదు. రెండో నెల నుంచి దాన్ని ఆపేశాం. ప్రతిసారీ 600 మిగిలింది.

జూలై 10న 118. జూలై 12 సీటీలో గడ్డ తగ్గింది. 29న ఆపరేషన్. కడుపులో సుమారు నాలుగింట మూడు వంతులు, చుట్టూ లింఫు గ్రంథులతో సహా తీశారు. ఆరు గంటలు పట్టింది. బిల్లు 4 లక్షల 10 వేలు. తమ్ముడి కంపెనీ బీమాలో చాలావరకు వచ్చింది. మా పాలసీలో ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల పరీక్షల ఖర్చు కూడా ఇస్తారని ఆలస్యంగా చదివాను. అప్పటికి జూలై స్కాన్ అసలు బిల్లు ఎక్కడో పోయింది. 7,500 పోయినట్టే. బిల్లులన్నీ ఒకే కవరులో పెట్టండి, రక్తపరీక్ష రసీదుతో సహా.

ఆగస్టు 9, శుక్రవారం బయాప్సీ రిపోర్టు వచ్చింది. ఇన్ని నెలలు అంకె కోసం ఎదురుచూశాం గానీ, అసలు ఎదురుచూడాల్సిన కాగితం ఇదేనని అది చేతికి వచ్చాకే అర్థమైంది. నాలుగు పేజీలు. గడ్డ కడుపు గోడలో లోతుకు వెళ్లింది, బయటికి చీల్చుకు రాలేదు. 31 గ్రంథులు పరీక్షిస్తే రెండింట్లో ఉంది. అంచులు శుభ్రం. డాక్టరుగారు ఆ 2/31 కింద పెన్నుతో గీత గీసి, “నాన్నగారి గురించి నాకు 486 కంటే ఇది ఎక్కువ చెబుతుంది” అన్నారు. మంచిదా, చెడ్డదా అని అడిగాను. మధ్యలో ఉందని, మొదట భయపడినదానికంటే మంచి వైపు ఉందని చెప్పారు. జబ్బు తిరిగి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి మొదటి రెండు, మూడేళ్లలోనే వస్తుందని కూడా దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీకి ఆయనకు రుణపడి ఉంటాను.

ఆగస్టు 28న అంకె 29. అంతకు నాలుగు నెలల ముందు ఎవరైనా ఇరవైతొమ్మిది అన్న అంకెకు కళ్లనీళ్లు వస్తాయంటే నమ్మేదాన్ని కాను. ఆపరేషన్ తర్వాతి నాలుగు కీమోల్లో మూడే పూర్తయ్యాయి. అరికాళ్ల తిమ్మిరి వల్ల నాన్న చెప్పుల్లో కాలు ఉందో లేదో తెలియని స్థితికి వచ్చారు. చివరిది ఆపేశారు. చాలామంది ఎనిమిదీ పూర్తి చేయలేరని, దానికి దిగులు పడొద్దని చెప్పారు. నవంబరులో అమ్మానాన్న తెనాలి వెళ్లిపోయారు.

2025 జనవరిలో మూడు నెలల పరీక్ష. హైదరాబాదు ప్రయాణం ఎందుకని నాన్న ఊళ్లోనే చేయించుకుని నాకు ఫోను చేశారు. “52 తల్లీ.” గొంతు మామూలుగానే ఉంది. నాకు మాత్రం కాళ్లు ఆడలేదు. మర్నాడు రాత్రి బస్సుకు రమ్మని, ఆసుపత్రిలో మళ్లీ చేయించాను. 26. రెండు రోజుల తేడాలో ఒకే మనిషి రక్తం. రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండింటి అడుగునా చీమతలంత అక్షరాల్లో ఒకే హెచ్చరిక ఉంది: వేర్వేరు పద్ధతుల్లో వచ్చిన విలువలను ఒకదానితో ఒకటి పోల్చకూడదని. యంత్రం వేరు, పరీక్షలో వాడే మందు వేరు, అంకె వేరు. ఏ ల్యాబూ తప్పు చేయలేదు. అప్పటి నుంచి ఒకే ల్యాబు, ఎంత దూరమైనా.

అదే రోజు రక్తం తీసే అమ్మాయి ఇంకో మాట అడిగింది. “విటమిను మాత్రలేమైనా వేసుకుంటున్నారా, బయోటిన్ ఉన్నవి?” నాన్న వేసుకుంటున్నారు, జుట్టుకూ తిమ్మిరికీ మంచిదని ఎవరో ఇస్తే. అది ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని యంత్రాలు ఇలాంటి అంకెలను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయట. మాత్ర మూడు రోజులు ఆపి మళ్లీ ఇచ్చాం. 27 వచ్చింది. ఆ 1,200 దండగ అనిపించలేదు.

ఏప్రిల్‌లో 33. జూలై 18న 97.

ఈసారి నేను వణికిపోలేదని చెప్పను. కానీ రాత్రంతా ఫోనులో వెతకలేదు. నాన్నకే ఫోను చేసి, “నాన్నా, వారం రోజుల్లో కొత్తగా ఏమైనా ఉందా, చెప్పండి” అన్నాను. అమ్మ ఫోను లాక్కుని చెప్పింది, భోజనం తర్వాత కుడిపక్క డొక్కలో నొప్పి, మూత్రం పచ్చగా వస్తోందని. ఎండలకేమో అని ఊరుకున్నారట. సోమవారం స్కాన్. కామెర్లను చూపే బిలిరుబిన్ 2.1, ఉండాల్సినదానికంటే ఎక్కువ. పిత్తాశయం నిండా చిన్న చిన్న రాళ్లు, పిత్తనాళం కొద్దిగా ఉబ్బి ఉంది. క్యాన్సర్ తిరిగి వచ్చిన జాడ స్కాన్‌లో ఎక్కడా లేదు. కడుపు తీసినవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడటం మామూలేనట, ఆపరేషన్లో పిత్తాశయానికి వెళ్లే నరాలు కూడా తెగిపోతాయి కాబట్టి. పిత్తం దారి మూసుకుంటే సీఏ 19-9 క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుందట. “కానీ దీని వల్లే పెరిగిందని ఇప్పుడే తీర్పు ఇవ్వను. రాళ్ల సంగతి తేల్చి, కామెర్లు తగ్గాక మళ్లీ చూద్దాం” అన్నారు డాక్టరుగారు.

నాళంలో ఇరుక్కున్న రాయి దానంతట అదే జారిపోయిందని ఎమ్మారై స్కాన్‌లో తెలిసింది. ఆగస్టు 6న పిత్తాశయం తీశారు. రాళ్లను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి చేతికి ఇచ్చారు. పెసరగింజలంత, ముదురు గోధుమరంగువి, పదిహేడు. నాన్న వాటిని లెక్కపెట్టి మరీ పుస్తకంలో రాశారు.

తర్వాత ఐదు వారాలు ఆగాం. ఆ ఐదు వారాలు అన్నిటికంటే కష్టం. ఇంట్లో అందరం మామూలుగా మాట్లాడుకునేవాళ్లం, టీవీ చూసేవాళ్లం. ఎవరి ఫోను మోగినా నలుగురం ఒకేసారి తలెత్తేవాళ్లం. సెప్టెంబరు 12, శుక్రవారం రక్తం ఇచ్చాం. ఈసారి ల్యాబు వాళ్లకు నా నంబరు బదులు నాన్న తన నంబరే ఇచ్చారు. రాత్రి ఎనిమిదికి ఆయన గదిలోంచి వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, “31” అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. లేచి వెళ్లి ఆయనకు ఆ పూట నాలుగో విడత భోజనం, రెండు చిన్న ఇడ్లీలు, ప్లేటులో పెట్టి తెచ్చింది.

బరువు ఇప్పుడు 57. బీ12 సూది నెలకొకటి. రెండేళ్లు ఇంకా నిండలేదని మాకు గుర్తుంది. తర్వాతి పరీక్ష డిసెంబరు 12. విటమిను మాత్ర 9 నుంచి ఆపాలని అమ్మ ఫ్రిజ్ మీద చీటీ అంటించింది. నాన్న పుస్తకంలో ఆ తేదీ ముందే రాసి పెట్టారు, పక్క గడి ఖాళీగా ఉంది.